రబ్బరు ఎర్ర

ప్యాకెట్ జిప్ తీయగానే సోంపు వాసన వచ్చింది. భోజనమయ్యాక హోటల్ కౌంటర్ దగ్గర గిన్నెలో పెడతారే, అచ్చం ఆ వాసన. లోపల ముదురు ఊదారంగులో, తోకలు మెలితిరిగి, నూనె నూనెగా పది రబ్బరు వానపాములు. మా పక్కింటి పెద్దాయన ఇచ్చారు. రిటైరయ్యాక ఆయనకి రెండే పనులు: గడ్డి కోయడం, బాస్ చేపలు పట్టడం. నేను వారం రోజులుగా పట్టపగలు ఇంట్లోనే ఉంటున్నానని గమనించినట్టున్నారు. ఏమీ అడగలేదు. "చెరువుకి వస్తావా?" అన్నారంతే.

ఉద్యోగం పోయి అప్పటికి తొమ్మిది రోజులు. హెచ్ వన్ బీ వీసా మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజుల గడువు. ఈలోగా ఇంకో కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వేరే స్టేటస్‌కి మారాలి, లేదా సూట్‌కేసులు సర్దుకోవాలి. అమ్మానాన్నలకి చెప్పలేదు. రోజూ ఫోన్లో "ఆఫీసు బిజీ" అంటున్నాను. ఎంత సులువుగా అంటున్నానో నాకే భయమేసేది.

గాలం నాకు కొత్త కాదు, కొత్తే. భీమవరం దగ్గర మా ఊళ్లో నాన్న కాలవ గట్టున గాలమేసేవారు. వానపాముల్ని మేం ఎర్రలనేవాళ్లం. పెంటకుప్ప పక్కన తవ్వి కొబ్బరిచిప్పలో వేసి తెచ్చే పని నాది. గాలం పట్టుకునే పని అన్నయ్యది. "ఆడపిల్లవి, ఎండలో నీకెందుకు" అనేవారు నాన్న. తవ్వేటప్పుడు మాత్రం ఎండ ఉండేది కాదు కాబోలు.

టెక్సస్‌లో, ప్లేనోలోని ఓ పార్కు చెరువు గట్టున, ముప్పై మూడేళ్ల వయసులో మొదటిసారి గాలం నా చేతికొచ్చింది. అదీ అబద్ధపు ఎర్రతో.

ఈ అబద్ధానికో చరిత్ర ఉంది. 1949లో ఒహాయో రాష్ట్రం ఆక్రన్‌లో నిక్ క్రీమ్ అనే మెషినిస్టు ఇంట్లోనే వినైల్ కరిగించి, రంగులు కలిపి, అచ్చుల్లో పోసి మెత్తటి వానపామును తయారుచేశాడు. తర్వాత ఆ కంపెనీ టెక్సస్‌లోని టైలర్‌కి మారింది. ఇక్కడి రిజర్వాయర్లలో నీట మునిగిన చెట్లు, మోళ్లు ఎక్కువ. కొక్కెం బయటికుంటే ప్రతి కొమ్మకీ తగులుకుంటుంది. దానికి విరుగుడే టెక్సస్ రిగ్. దారానికి ముందు తూటా ఆకారంలో ఉన్న బరువు ఎక్కిస్తారు, తర్వాత కొక్కెం. కొక్కెం మొనని వానపాము తలలో పావంగుళం గుచ్చి, పక్కకి లాగి, తిప్పి, మళ్లీ ఒంట్లోకే దించేస్తారు. మొన బయటికి కనబడదు. నాచులోంచి, కొమ్మల మధ్యనుంచి నిశ్శబ్దంగా జారిపోతుంది.

ఆ గుచ్చడం నాకు రావడానికి రెండు రోజులు పట్టింది. కాస్త వంకరగా గుచ్చితే నీళ్లలో గిరగిరా తిరుగుతుంది, చేప నమ్మదు.

మిగతాదంతా ఓపిక. విసరాలి, దారం వదులుగా ఉంచి అడుగుదాకా మునగనివ్వాలి. కర్ర కొసని మెల్లగా ఎత్తాలి, దించాలి, ఆగాలి. బాస్ తరచుగా అది కిందికి పడేటప్పుడే పడుతుంది. నోరు ఠక్కున తెరిచి, నీళ్లతో సహా లోపలికి పీల్చేస్తుంది. మన చేతికి తెలిసేది 'టిక్' అన్నంత. ఒక్కోసారి అదీ ఉండదు, దారం ఊరికే పక్కకి నడుస్తుంది. అప్పుడు కంగారుపడి లాగకూడదు. వదులు చుట్టుకుని, అప్పుడు గట్టిగా కొట్టాలి. నేను మొదట్లో ప్రతి నాచు పోగునీ చేపనుకుని లాగాను. ఆ రోజుల్లో ఏ రిక్రూటర్ మెయిలొచ్చినా అలాగే ఉండేదాన్ని.

నాలుగో రోజు ఒకటి పడింది. రెండు పౌన్లుంటుందేమో. 1992లో లేక్ ఫోర్క్‌లో దొరికిన టెక్సస్ రికార్డు చేప 18.18 పౌన్లని పెద్దాయన దారిపొడవునా చెబుతూనే ఉన్నారు, అయినా నాకు నాదే పెద్దది. కింది పెదవి బొటనవేలితో పట్టుకుంటే గరుకు కాగితంలా ఉంది. కొక్కెం తీసి నీళ్లలోకి వదిలేశాం. పులుసు పెట్టుకోని చేపని పట్టడమేంటని మనసులో ఓ గోదావరి ముసలమ్మ సణిగింది.

మార్చి చివర్లో నీళ్లు వెచ్చబడ్డాయి. ఒడ్డు దగ్గర, లోతులేని చోట, పళ్లెమంత గుండ్రటి గూడు కనబడింది. దానిమీద కదలకుండా ఒక బాస్. "మగది. గుడ్లకి కాపలా" అన్నారు పెద్దాయన. అక్కడ ఎర్ర వేస్తే ఆకలి లేకపోయినా నోటితో తీసి అవతల పారేయడానికి వస్తుందట. చాలామంది అప్పుడే పడతారట. ఆయన వేయరు. నన్నూ వేయనివ్వలేదు.

నాకు కొరమీను గుర్తొచ్చింది. కాలవలో ఎర్రటి పిల్లల గుంపు పైకి తేలిందంటే కిందే పెద్దవి కాపలా ఉన్నట్టు. నాన్న సరిగ్గా ఆ గుంపు మధ్యకే కప్పని ఎరగా వేసేవారు. ఎప్పుడూ తప్పేది కాదు. ఆ పిల్లలేమవుతాయని అడిగితే "మిగతావి తింటాయి" అన్నారు. ఆ పూట పులుసు నేనూ తిన్నాను, రెండోసారి వేయించుకుని మరీ.

(ఉద్యోగం తర్వాత దొరికింది. ఆ కథ ఇక్కడ అనవసరం.)

ముప్పై ఏడో రోజు పొద్దున చెరువు గట్టునుంచే నాన్నకి వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి ఏడున్నర. కర్ర చూపించాను, నీళ్లు చూపించాను. మురిసిపోతారనుకున్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి, "ఈవేళ బుధవారం కదమ్మా?" అన్నారు.

పెద్దాయన నాలుగడుగులు అవతలికి జరిగారు. తెలుగు రాదు గానీ, నా మొహం చదవడం వచ్చు.

చెప్పేశాను. అంతా. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. వెనకాల టీవీ సౌండు ఎవరో తగ్గించారు.

"ఎన్నాళ్లుంది?"

"ఇరవై మూడు రోజులు నాన్నా."

"అమ్మకి నేను చెప్తాలే" అన్నారు. కాసేపాగి, "ఆ ఎర్ర ఎలా గుచ్చావో చూపించు."

ఫోన్ బండ మీద ఆనించి, వానపాముని కెమెరా ముందుకి పెట్టాను. "మొన ఏదీ?" అన్నారు. లోపలుందన్నాను. "దగ్గరికి పెట్టు, కనబడట్లేదు" అన్నారు. పెట్టాను.