నారు పోసినవాడు

బేస్‌బాల్‌లో పదిసార్లు బ్యాటు పట్టి మూడుసార్లు హిట్ కొట్టగలిగినవాణ్ణి మేటి ఆటగాడంటారు. పదింట రెండుసార్లే కొట్టగలిగినవాడికి జట్టులో చోటు నిలవడం కష్టం. ఈ ఇద్దరి నడుమ దూరమెంతో ఒకసారి లెక్క వేసి చూడండి. ఆరు నెలల ఆటకాలంలో ఒక్కొక్కరికి సుమారు 500 అవకాశాలు వస్తాయనుకుందాం. మొదటివాడు 150 హిట్లు కొడతాడు, రెండవవాడు 100. తేడా యాభై. అంటే వారానికి రెండు హిట్లు. ఆ రెండే ఒకణ్ణి కోటీశ్వరుణ్ణి చేస్తాయి. ఇంకొకణ్ణి బస్సెక్కించి చిన్న ఊరికి తిప్పి పంపుతాయి.

క్రికెట్‌తో పెరిగిన మనకు ఈ ఆటలోని కాఠిన్యం ఒక పట్టాన బోధపడదు. మన బ్యాట్స్‌మన్ సున్నాకే ఔటైతే తర్వాతి మ్యాచ్ వరకు దాక్కునే వ్యవధి ఉంటుంది. ఇక్కడ ఏడాదికి 162 మ్యాచ్‌లు. ఇంచుమించు ప్రతిరోజూ ఆట ఉంటుంది. నిన్నటి అవమానం ఆరకముందే ఇవాళ్టి పరీక్ష మొదలవుతుంది. బ్యాటు పట్టుకుని వచ్చిన ప్రతిసారీ స్టేడియంలోని పెద్ద తెరమీద అతడి సగటు అందరికీ కనబడుతుంది. ఇరవై రెండేళ్ల కుర్రవాడు తన వైఫల్యాన్ని మూడు దశాంశ స్థానాల వరకు రోజూ ముప్పై వేలమంది ఎదుట చదువుకోవలసి రావడం చిన్న శిక్ష కాదు.

నేను అభిమానించే జట్టు కాన్సస్ సిటీ రాయల్స్. "గెలిచే జట్లు అన్ని ఉండగా ఇదేం ఎంపిక?" అని మిత్రులు అడుగుతుంటారు. గెలిచే జట్టు అభిమాని ఆటను చూస్తాడు. ఓడే జట్టు అభిమాని పిల్లలను చూస్తాడు. ఈ ఏడు పోయిందని తెలిశాక మిగిలేది రాబోయే ఏడు ఒక్కటే గదా. కింది అంచెల్లో ఎవరు ఎదుగుతున్నారు, ఎవరి భుజం నొప్పెట్టింది, ఎవరు వంకర బంతిని వదిలేయడం నేర్చుకున్నారు అన్నదే మా ధ్యాస.

ఈ కింది అంచెల వ్యవస్థను అమెరికాలో పిలిచే పేరుకు అర్థం 'పొలం'. నాకది నారుమడిలా తోస్తుంది. బడి నుంచో కాలేజీ నుంచో ఎంపిక చేసిన కుర్రవాళ్లను సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ అనే మళ్లలో ఒకదాని తర్వాత ఒకదానిలో పెంచి, బతికి బట్టకట్టినవాళ్లను మేజర్ లీగ్ అనే పెద్ద పొలంలో నాటుతారు. నారు పోసినవాడు నీరు పోయడా అని మన సామెత. దేవుడి మీద భరోసాతో పుట్టిన మాట అది. బేస్‌బాల్‌లో నారు పోసేవాడు లెక్కల పుస్తకం చేతబట్టిన మనిషి. ఏ మొక్కకు ఎన్నాళ్లు నీరు పోయాలో, దేన్ని ఎప్పుడు పీకేయాలో అతడే నిర్ణయిస్తాడు. ఆ నీరు కూడా చాలాకాలం చుక్కలు చుక్కలుగానే పడింది. 2023లో ఆటగాళ్ల సంఘంతో ఒప్పందం కుదిరేవరకు ట్రిపుల్-ఎ ఆటగాడి కనీస వార్షిక వేతనం 17,500 డాలర్లు. అట్టడుగు అంచెలో 4,800. ఒప్పందం తర్వాత అవి 35,800కు, 19,800కు పెరిగాయి. మేజర్ లీగ్‌లో కనీస వేతనం 2025లో 7,60,000 డాలర్లు. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉన్నది ఎంత అగాధమో ఈ అంకెలే చెబుతాయి.

రాయల్స్ జట్టు 1985లో ప్రపంచ సిరీస్ గెలిచింది. ఆ తర్వాత 28 ఏళ్లపాటు చివరి పోటీల గడప తొక్కలేదు. 2002లో వంద ఓటములు, 2004లో 104, 2005లో 106, 2006లో మళ్లీ వంద. ఆ 2005లోనే మొత్తం దేశంలో రెండవ ఎంపికగా అలెక్స్ గార్డన్ అనే కుర్రవాణ్ణి తీసుకున్నారు. పక్క రాష్ట్రం నెబ్రాస్కావాడు. చిన్ననాటి నుంచి ఈ జట్టు అభిమాని. ఆడేది మూడవ బేస్, అంటే ఈ జట్టు చరిత్రలోకెల్లా గొప్పవాడైన జార్జ్ బ్రెట్ నిలబడిన చోటు. ఇంకేం, రెండవ బ్రెట్ వచ్చాడన్నారు. 2007 ఏప్రిల్ 2న మొదటిసారి బ్యాటు పట్టడానికి వస్తుంటే జనమంతా లేచి నిలబడ్డారు. మూడు బేసులూ నిండి ఉన్నాయి. ఎదుట ఉన్న పిచ్చర్ కర్ట్ షిల్లింగ్. గార్డన్ స్ట్రైకౌట్ అయ్యాడు.

తర్వాతి మూడేళ్లూ ఆ క్షణానికి కొనసాగింపే అనిపించింది. 2009లో తుంటికి శస్త్రచికిత్స. 2010లో ట్రిపుల్-ఎ జట్టున్న ఒమాహాకు దింపేశారు. అయితే ఊరికే దింపలేదు. మూడవ బేస్ వదిలి ఎడమ ఫీల్డులో ఆడడం నేర్చుకొమ్మన్నారు. ఇరవై ఆరేళ్ల వయసులో, ఆ పాటి కీర్తి మోసినవాడికి, కొత్త చోట ఓనమాలు దిద్దుకొమ్మని చెప్పడం మాటలు కాదు. 2011లో అతడి సగటు 0.303. ఆ ఏడే ఎడమ ఫీల్డులో మొదటి గోల్డ్ గ్లవ్. మొత్తం మీద అలాంటివి ఎనిమిది. 2015 ప్రపంచ సిరీస్ తొలి మ్యాచ్‌లో తొమ్మిదవ ఇన్నింగ్స్‌లో జట్టు ఒక్క పరుగు వెనకబడి ఉండగా హోమ్ రన్ కొట్టి స్కోరు సమం చేసినవాడు ఈ గార్డనే.

జాక్ గ్రెంకీ కథ వేరు. 2005లో ఇరవై ఒక్క ఏళ్ల ఈ పిచ్చర్ ఖాతాలో 5 గెలుపులు, 17 ఓటములు. 2006 వసంతంలో శిక్షణ శిబిరం విడిచి వెళ్లిపోయాడు. అతణ్ణి బాధిస్తున్నది మోచేయి కాదు, మనసు. దిగులు, నలుగురిలో మెలగలేని భయం. బలహీనుడని ముద్ర వేసి పంపేయడం ఆనాటి క్రీడాలోకంలో తేలికైన పని. జట్టు ఆ పని చేయలేదు. వైద్యానికి సమయమిచ్చింది. తర్వాత డబుల్-ఎలో, ఆపై ఇన్నింగ్స్ చివర్లో కొద్దిసేపు బంతి వేసే చిన్న బాధ్యతలతో మెల్లగా దారికి తెచ్చింది. 2009లో అమెరికన్ లీగ్ ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ పురస్కారం అతడిదే. అతణ్ణి 2010 చివర మిల్వాకీకి ఇచ్చి తెచ్చుకున్న వాళ్లలో లొరెంజో కెయిన్, ఆల్సిడెస్ ఎస్కోబార్ ఉన్నారు. ఇద్దరూ 2015 విజేత జట్టుకు మూలస్తంభాలు. ఒక కుర్రవాడి మనసును కాపాడినందుకు ఇన్ని ఏళ్ల తర్వాత వచ్చిన ఫలమిది.

అయితే ఈ రెండు కథలు చెప్పి ఊరుకుంటే అది ఓపికకు హారతి పట్టడం అవుతుంది. పండిన చేనును చూపి వ్యవసాయం లాభసాటి అనడం లాంటిది. ఎండిన మడులను కూడా చూడాలి.

2011లో బేస్‌బాల్ అమెరికా పత్రిక ప్రకటించిన వందమంది ఆశాకిరణాల పట్టికలో తొమ్మిదిమంది రాయల్స్ కుర్రవాళ్లే. అంతకుముందు ఏ జట్టుకూ దక్కని ఘనత అది. ఆ తొమ్మిదిమంది ఏమయ్యారు? ఎరిక్ హాస్మర్, మైక్ మౌస్టాకస్, డానీ డఫీ, క్రిస్టియన్ కొలోన్ - ఈ నలుగురు 2015 విజేత జట్టులో ఉన్నారు. విల్ మయర్స్, జేక్ ఒడొరిజీ, మైక్ మాంట్‌గోమరీలను 2012 చివర టాంపా జట్టుకు ఇచ్చేసి జేమ్స్ షీల్డ్స్‌నూ వేడ్ డేవిస్‌నూ తెచ్చుకున్నారు. జాన్ లాంబ్ మోచేతికి శస్త్రచికిత్స జరిగింది. చివరికి 2015లో జానీ క్వేటోకు బదులుగా సిన్సినాటీకి వెళ్లాడు. క్రిస్ డ్వయర్ మేజర్ లీగ్‌లో ఆడిన మ్యాచ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తొమ్మిదింట నాలుగు. అదీ చరిత్రలోనే గొప్పదనిపించుకున్న నారుమడిలో.

బబ్బా స్టార్లింగ్ పేరు తలచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. కాన్సస్ సిటీ పొలిమేరలోని గార్డనర్ అనే చిన్న ఊరివాడు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టు రమ్మని పిలిచినా కాదనుకుని సొంత ఊరి జట్టుకు 2011లో ఐదవ ఎంపికగా వచ్చాడు. ఒప్పందం 75 లక్షల డాలర్లు. మేజర్ లీగ్ మైదానంలో కాలు పెట్టేసరికి 2019 వచ్చింది. ఎనిమిదేళ్లు! గాయాలు, వంకర బంతులు, మళ్లీ గాయాలు. అక్కడా నిలదొక్కుకోలేకపోయాడు. ఇతడికి జట్టు నీరు పోయలేదని ఎవరూ అనలేరు; అతడు కష్టపడలేదనీ అనలేరు. ఓపిక అన్నది విజయానికి హామీ కాదు. ప్రయత్నం సక్రమంగా జరిగిందని చెప్పుకోవడానికి ఒక ఆధారం, అంతే.

ఆ ఓపిక శుద్ధమైన దయ కూడా కాదని ఒప్పుకోవాలి. మేజర్ లీగ్‌కు వచ్చిన ఆటగాడు సుమారు ఆరేళ్ల సర్వీసు వరకు మరో జట్టుతో స్వేచ్ఛగా బేరమాడలేడు. మొదటి మూడేళ్లూ కనీస వేతనానికి దగ్గరలోనే ఉంటాడు. చిన్న ఊరి జట్టుకు ఇంతకన్నా చవకైన కూలీ దొరకదు. కనుక యాజమాన్యం ఎదురుచూస్తున్నదంటే అందులో లెక్క ఉన్నదన్నమాట. అయినా లెక్క కోసం చేసిన మేలు సైతం మేలే. 2020లో మహమ్మారి వల్ల మైనర్ లీగ్ ఏడాదంతా రద్దయి, పలు జట్లు కుర్రవాళ్లను వందల సంఖ్యలో వదిలించుకుంటున్నప్పుడు రాయల్స్ ఒక్కరినీ పంపకుండా జీతాలిచ్చింది. ఆ కుర్రవాళ్లలో అధికభాగం ఏనాటికీ పెద్ద మైదానం చూడరని యాజమాన్యానికి తెలియనిది కాదు.

ఇన్నేళ్లు చూసి నేను ఏర్పరచుకున్న అభిప్రాయాలు కొన్ని ఉన్నాయి. మొదటిది, సగటు ఒక్కటే చూసి కుర్రవాణ్ణి తూచకూడదు. గట్టిగా కొట్టిన బంతి నేరుగా ఫీల్డరు చేతిలో పడుతున్నదా, లేక వదిలేయవలసిన బంతి వెంట బ్యాటు పరిగెత్తుతున్నదా? మొదటిది దురదృష్టం, కాలం సరిదిద్దుతుంది. రెండవది జబ్బు, దానికి మందు కావాలి. రెండవది, కిందికి దింపడం శిక్ష కారాదు, పని కావాలి. 2014 మే నెలలో 0.152 సగటుతో కునారిల్లుతున్న మౌస్టాకస్‌ను ఒమాహా పంపి, పది రోజులకే వెనక్కి పిలిచారు. ఆ శరత్కాలంలో చివరి పోటీల్లో అతడు ఐదు హోమ్ రన్‌లు కొట్టాడు. మూడవది, ఒక పాత్రలో ఓడినవాడు మనిషిగా ఓడినట్టు కాదు. మొదటి నుంచి బంతి వేసే పిచ్చర్‌గా 2013లో విఫలుడైన వేడ్ డేవిస్, చివర ఒక్క ఇన్నింగ్స్ వేసే పనికి మారగానే 2014లో ఇంచుమించు అజేయుడయ్యాడు. 2006లో దేశంలోనే మొదటి ఎంపిక అయివుండి ఏళ్ల తరబడి నిందలు మోసిన లూక్ హోచెవర్ అదే దారిలో నిలదొక్కుకున్నాడు; మోచేయి శస్త్రచికిత్సతో 2014 అంతా పోగొట్టుకుని కూడా, 2015 ప్రపంచ సిరీస్‌ను ముగించిన మ్యాచ్‌లో గెలుపు ఎవరి ఖాతాలో పడిందో చూస్తే ఇతడి పేరే ఉంటుంది.

ఈ అభిప్రాయాలకు ఇటీవల మరో పరీక్ష వచ్చింది. 2023లో జట్టు మళ్లీ 106 ఓటముల పాతాళానికి చేరింది. 2024లో 86 గెలుపులతో చివరి పోటీలకు వెళ్లింది. బాబీ విట్ జూనియర్ 0.332 సగటుతో లీగ్‌లో అగ్రస్థానం పొందాడు. 2018లో ఎంపికై, ఏళ్లపాటు తడబడి, మోచేయి శస్త్రచికిత్స చేయించుకున్న క్రిస్ బూబిక్ 2025లో ఆల్‌స్టార్ అయ్యాడు. అదే ఏడు వచ్చిన జాక్సన్ కోవార్‌కు ఇక్కడ కాలం కలిసిరాలేదు. 2023లో అతణ్ణి అట్లాంటాకు ఇచ్చేశారు. 2024లో ఆరవ ఎంపికగా వచ్చిన జాక్ కాగ్లియానోన్ ఏడాది తిరక్కుండానే పెద్ద మైదానానికి చేరి, 2025లో 0.157 సగటుతో ముగించాడు. అప్పుడే కొందరు అతణ్ణి పీకేయదగిన మొక్కల జాబితాలో చేర్చారు. నాకు మాత్రం ఆ అంకె తీర్పులా కనబడదు. నాటిన కొత్తలో ఏ మొక్క అయినా వడలుతుంది. వడలడానికీ చావడానికీ తేడా తెలియనివాడు రైతు కాడు.

ఈ తేడా తెలియని అభిమానులకు నేను కొలోన్ పేరు చెబుతాను. 2010లో అతణ్ణి నాలుగవ ఎంపికగా తీసుకున్నారు. ఏడవ ఎంపికగా న్యూయార్క్ మెట్స్‌కు వెళ్లిన మ్యాట్ హార్వీ, పదమూడవ ఎంపికగా షికాగోకు వెళ్లిన క్రిస్ సేల్ మహా పిచ్చర్లయ్యారు. వాళ్లను వదిలి ఇతణ్ణి తీసుకున్నారని మావాళ్లు ఏళ్లపాటు తిట్టుకున్నారు. కొలోన్ ఎన్నడూ తారగా వెలగలేదు. 2015 చివరి పోటీలన్నిటిలోనూ బెంచి మీదే కూర్చున్నాడు. ప్రపంచ సిరీస్ ఐదవ మ్యాచ్‌లో ఎనిమిది ఇన్నింగ్స్‌ల పాటు మమ్మల్ని ఒక్క పరుగు చేయనీయనివాడు ఆ హార్వీయే. తొమ్మిదవ ఇన్నింగ్స్‌లో మావాళ్లు ఎలాగో సమం చేశారు. పన్నెండవ ఇన్నింగ్స్‌లో కొలోన్‌ను పిలిచారు. ఆ పోటీలన్నిటిలో అతడు బ్యాటు పట్టడం అదే మొదటిసారి. ఎడమ వైపుకు ఒక హిట్. ముప్పై ఏళ్ల తర్వాత కాన్సస్ సిటీకి ప్రపంచ సిరీస్ తెచ్చిన పరుగు అది.

ఆ ఒక్క హిట్ కోసం ఐదేళ్లు నీరు పోయడం లాభమా నష్టమా అని లెక్క తేల్చడం యాజమాన్యం పని. అభిమానిగా నాకు తెలిసింది ఇంతే: ఆ రాత్రి అతడు బెంచి మీద నుంచి లేచి రావాలంటే, అన్నేళ్లూ ఎవరో ఒకరు అతడికి ఆ బెంచి మీద చోటు ఉంచి ఉండాలి.