వారసులు, వారి వారసులు

మా చిన్నాయన యాలాల్ నుంచి తాండూరు వచ్చాడంటే చేతిలో సంచీ ఉండాలి, సంచీలో కందులుండాలి. మొన్న మాత్రం సంచీలోంచి స్టాంపు కాగితం తీశాడు.

"ముప్పై ఏండ్లు బడిల చరిత్ర చెప్పినవు గద బిడ్డా, గిది జర సదివి చెప్పు" అన్నాడు.

చరిత్రకూ కౌలు కాగితానికీ సంబంధం ఏమిటని మా ఆవిడ వంటింట్లోంచి నవ్వింది. నవ్వనివ్వండి. సంబంధం ఉన్నదని పావుగంటలో తేలింది.

చిన్నాయనకు మూడెకరాల కంది చేను ఉంది. దాని కింద నాపరాయి ఉంది. రాయి తీసుకునేవారొకరు మంచి డబ్బే ఇస్తామన్నారు. కాగితంలో చివరికి వచ్చేసరికి ఇలా ఉంది: ఈ భూమిని నేను గానీ, నా వారసులు గానీ, వారి వారసులు గానీ సదరు వారికి తప్ప అన్యులెవరికీ అమ్మము, తాకట్టు పెట్టము, కౌలుకివ్వము.

ఈ వాక్యం నాకు పాత చుట్టమే. 1882లో అరబ్బు దేశపు దక్షిణ తీరాన ముకల్లా, షిహర్ రేవులను ఏలుతున్న ఖుఐతీ సోదరులు ఇంగ్లీషువారికి ఇంచుమించు ఇదే రాసిచ్చారు. (ఖుఐతీ అంటే వంశం పేరండీ, కువైట్ కాదు.) తామూ, తమ వారసులూ ఆ గడ్డను బ్రిటిషు ప్రభుత్వానికి తప్ప మరెవరికీ అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, బాడుగకివ్వరాదు. ప్రతిగా సాలీనా కొంత భత్యం.

ఆ సోదరులు మనకు పరాయివాళ్ళేమీ కారు. వాళ్ళ తండ్రి ఉమర్ బిన్ అవద్, హద్రమౌత్ ఎండులోయల నుంచి హైదరాబాదు వచ్చి నిజాం కొలువులో జమాదారయ్యాడు. అరబ్బు సిపాయిలకు నాయకుడన్నమాట. 1865లో ఆయన పోయాక కొడుకులు పని పంచుకున్నారు. ఇక్కడ కొలువు, ఆదాయం, అక్కడ యుద్ధాలు. ఇక్కడి డబ్బుతో అక్కడ 1867లో షిహర్, 1881లో ముకల్లా చేజిక్కాయి. అన్నదమ్ముల్లో ఒకడైన అవద్‌కు నిజాం ఇచ్చిన బిరుదు సుల్తాన్ నవాజ్ జంగ్. ఇక్కడ ఉద్యోగి, అక్కడ ప్రభువు! వాడీ నుంచి సికింద్రాబాదుకు 1874లో రైలు పడ్డాక హైదరాబాదు నుంచి బొంబాయి పోయి ఓడ ఎక్కాలంటే మన తాండూరు మీదుగానే దారి. ప్లాట్‌ఫారం మీద నిలబడినప్పుడల్లా నాకు ఆ తలపాగాలే గుర్తొస్తాయి. నేటికీ హైదరాబాదు బర్కస్‌లో వాళ్ళ సంతతివారున్నారు. బర్కస్ అంటే బారక్స్ అనే మాటే అలా అరిగింది. పెళ్ళిళ్ళలో మోగే మర్ఫా వాళ్ళు తెచ్చిన వాయిద్యమే.

1888లో ఇంకో కాగితం వచ్చింది. మహారాణి రక్షణ దొరుకుతుంది. కానీ ఇంగ్లీషువారి అనుమతి లేకుండా ఏ పరదేశంతోనూ ఉత్తరాలు గానీ ఒడంబడికలు గానీ నడపకూడదు. ఏడెన్ రేవు 1839 నుంచి ఇంగ్లీషువారిది, దాని పెత్తనం బొంబాయి ప్రభుత్వానిది. అందుకని అరబ్బు సుల్తానుల సంధికి ఆమోదముద్ర వేసినవాడు మన దేశంలో కూర్చున్న వైస్రాయి!

నాకు విడ్డూరంగా తోచేది ఇదీ. ఆ షరతు ఎలా ఉంటుందో అవద్‌కు తెలియదా? ఆయన ఉప్పు తిన్న నిజాం వంశమే 1800లో కుంపిణీతో అలాంటి సంధి చేసుకుంది. కుంపిణీకి ముందుగా చెప్పి, సంప్రదించకుండా వేరే రాజ్యంతో మంతనాలు కూడదు. ఆ సంధిలోనే కడప, బళ్ళారి వైపు సీమలు సైన్యం ఖర్చుకింద పోయి దత్తమండలాలయ్యాయి. హైదరాబాదు కోఠీలో రెసిడెంటు మేడ రోజూ కళ్ళెదుటే కనబడేది. అయినా సంతకం పెట్టారు.

ఇదంతా చెబితే చిన్నాయన చుట్ట ఆర్పి అడిగాడు: "మరి సదువకుంటనే సంతకం పెట్టిండ్రా?"

"చదివే పెట్టారు చిన్నాయనా. కథీరీలని వాళ్ళకు పగవాళ్ళు ఉండేవారు. వాళ్ళకూ హైదరాబాదులో ఒక జమాదారు ఉండేవాడు. మనం పెట్టకపోతే వాళ్ళు పెడతారని భయం."

"అట్ల చెప్పు. పక్క చేనోడు నిన్ననే పెట్టిండు" అన్నాడు చిన్నాయన.

నాకు మాట రాలేదు. బడిలో ఇన్నేళ్ళు ఈ పాఠం చెప్పినా, రాజుల తెలివితక్కువతనమనే చెప్పాను. పక్క చేనుమాట ఒక్కసారీ చెప్పలేదు. పైగా చిన్నాయనకు మాఘంలో మనవరాలి పెళ్ళి.

"తర్వాతేమైంది?" అన్నాడు.

1937లో మూడో కాగితం వచ్చింది. మతమూ ఆచారమూ తప్ప తక్కిన అన్నిటా ఇంగ్లీషు సలహాదారు చెప్పినట్టు వినాలి. అప్పటి సుల్తాను సాలిహ్, అవద్‌కు మనవడు. తాత మాట ఇచ్చింది వారసుల తరఫున కూడా గదా. 1967 సెప్టెంబరులో తిరుగుబాటుదారులు ముకల్లాను పట్టుకున్నారు. మహారాణి రక్షణ ఎటుపోయిందో! రెండు నెలలకు ఇంగ్లీషువారే ఏడెన్ వదిలి వెళ్ళిపోయారు. హైదరాబాదు రాజ్యం అప్పటికి పందొమ్మిదేళ్ళ కిందటే, అదీ సెప్టెంబరులోనే ముగిసింది.

చిన్నాయన చాలాసేపు మాట్లాడలేదు. మా ఆవిడ తెచ్చిన చాయ్ సాసరులో పోసుకుని తాగాడు. తర్వాత కాగితం నా ముందుకు తోసి, "నీ కలం దియ్యి. నా మాట నేనిస్త. పుట్టనోళ్ళ మాట నేనెట్లిస్త?" అన్నాడు.

'నా వారసులు గానీ, వారి వారసులు గానీ' అన్నచోట అడ్డంగా గీత గీశాను. పక్కన ఆయన పొట్టి సంతకం చేశాడు. డబ్బిచ్చేవారు ఆ గీతకు ఒప్పుకుంటారో లేదో! కాగితం పంపి పదకొండు రోజులైంది, జవాబు లేదు. నిన్న సాయంత్రం మనవరాలికి పట్టుచీర బేరం చేసి, కొనకుండానే తిరిగొచ్చారట.