తిరిగి వచ్చిన తరువాత

పరదేశానికి బయలుదేరే వారికి వూరంతా బుద్ధులు చెబుతుంది. అక్కడి యెండలు, జ్వరాలు, భాష, తిండి అన్నీ ముందుగా తెలుసుకునే వెళతారు. తిరిగివచ్చే వారికి మాత్రం యెవరూ యేమీ చెప్పరు. స్వంత యింటికి రావడానికి సన్నాహమెందుకని కాబోలు! మా అనుభవంలో వెళ్లడం కంటె రావడమే కష్టమైంది.

మేము కోలారు బంగారు గనుల తెలుగువాళ్లం. మా తాతలు చిత్తూరు సీమనుంచి గనిపనికి వచ్చి యిక్కడే నిలిచిపోయారు. 2001లో గనులు మూతబడినా మావాళ్లు వూరు విడవలేదు. 2008లో మేము దంపతులం మిషనరీలుగా ఆఫ్రికాలోని మలావీకి వెళ్లి, అక్కడ సరస్సు వొడ్డున మిషన్ ఆసుపత్రిలో పనిచేసి, 2019లో యిద్దరు పిల్లలతో తిరిగివచ్చాము. మన వారికిది కొత్త సంగతి కాదు. 1903లోనే తెలుగు బాప్టిస్టులు నెల్లూరు నుంచి జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు, అక్కడ కూలికి వెళ్లిన తెలుగువారి మధ్య సేవకు పంపారు.

మొదటి వారం పండుగలాగే గడిచింది. తరువాత చిన్న చిన్న విషయాలు తగలసాగాయి. పెట్టె అడుగున భద్రపరచిన వెయ్యిరూపాయల నోట్లు 2016 నవంబరులోనే చెల్లకుండా పోయాయి. మలావీలో కుశలమడగనిదే యెవరూ పని మాట యెత్తరు. ఆ అలవాటున బాంకులో గుమాస్తాగారి యోగక్షేమాలు విచారిస్తే, వెనుక వరుసలోని వారు విసుక్కున్నారు.

తిండి విషయంలో మాత్రం దేవుడు దయతలచాడు. మలావీవారి భోజనం న్సిమ. తెల్లని మొక్కజొన్న పిండిని మరిగే నీళ్లలో కెలికి గట్టిగా వండుతారు. చేత్తో తుంచి, ముద్దచేసి, ఆకుకూరతోనో చేపతోనో తింటారు. మా పిల్లవాడు రాగిసంగటిని చూసి, "అవ్వా, నీ న్సిమ మాడిపోయిందే!" అన్నాడు. అవ్వకు నవ్వి నవ్వి కళ్లనీళ్లు వచ్చాయి.

అదే అవ్వ మంచినీళ్లిస్తే వాడు మోకాళ్లు కొంచెం వంచి రెండు చేతులా అందుకునేవాడు. అక్కడ పెద్దలయెడ అది మర్యాద. వీధిపిల్లలు వెక్కిరించారు. నెల తిరిగేసరికి మానుకున్నాడు. అందుకు మాకు సంతోషం కలగలేదు.

పెద్దపిల్లకు పదేళ్లు. అది మాటే తగ్గించింది. ఒక రాత్రి, "మనం యింటికి యెప్పుడు వెళతాం?" అని అడిగింది. యింట్లోనే వున్నాం గదమ్మా అనబోయి ఆగిపోయాము. మేము తిరిగివచ్చాము, పిల్లలు వలస వచ్చారు.

1950లలో మన దేశంలోని అమెరికా కుటుంబాలను పరిశీలించిన రూత్ హిల్ యూసీమ్ అనే విదుషీమణి యిటువంటివారికి "మూడవ సంస్కృతి పిల్లలు" అని పేరు పెట్టారు. పుట్టింది తల్లిదండ్రుల నాగరికతలో, పెరిగింది మరొకదానిలో, బ్రతుకు రెంటికీ నడుమ. నెల్లూరు, గుంటూరు మిషన్ బంగళాలలో ఆయాల వద్ద తెలుగు నేర్చి, ఓడలెక్కి వెళ్లిపోయిన దొరల పిల్లలు మాకప్పుడు జ్ఞాపకం వచ్చారు. వారూ తమ దేశంలో యిలాగే నోరు మెదపకుండా కూర్చుని వుంటారు.

పిల్ల నోరు తెరిపించింది అవ్వే. రోజూ సాయంకాలం పక్కన కూర్చోబెట్టుకుని, "మీ వూరి సంగతి చెప్పవే" అనేది. మీ వూరు అన్నదేగాని, ఆ వూరు అనలేదు. సరస్సు మీద పడవలు, నవంబరులో తొలివాన, స్నేహితురాళ్ల పేర్లు అన్నీ ఓపికగా వినేది. చిచేవ భాషలో కృతజ్ఞత చెప్పడానికి "జికోమో" అంటారని నేర్పితే, పళ్లులేని నోటితో పలికేది. నాలుగు నెలల తరువాత ఒకనాడు పిల్లే అడిగింది: "నీ వూరి సంగతి చెప్పు అవ్వా." ఆ రాత్రి మేము నిశ్చింతగా నిద్రపోయాము.

సంఘంలో మమ్మల్ని, "యెంత కూడబెట్టారు? యెంతమందికి బాప్తిస్మమిచ్చారు?" అని అడిగినవారున్నారు. అక్కడ మీ యిరుగుపొరుగు యెవరని అడిగినవారు యిద్దరో ముగ్గురో. మూడు తరాలుగా పరాయి సీమలో వుండి, చిత్తూరు చుట్టాలింటికి వెళ్లినప్పుడల్లా మన తెలుగు విని వారు నవ్వితే చిన్నబుచ్చుకునే మనకు ఆ ప్రశ్న విలువ తెలియదా? మీ వీధికి యే దేశంనుంచైనా ఒక కుటుంబం తిరిగివస్తే, ముందు పిల్లలను పలకరించండి. మీ వూరి సంగతి చెప్పమనండి.