మీ కారుకి పిలుపొచ్చిందేమో చూశారా?

కొత్త కుక్కరు ఇంటికొచ్చిన రోజున మనం ఏం చేస్తాం? గ్యాస్కెట్ సరిగ్గా కూర్చుందా, విజిల్ వస్తోందా, వాల్వు బాగుందా అని తిప్పి తిప్పి చూస్తాం. కుక్కరుకే అంత జాగ్రత్త! లక్షలు పోసి కొన్న కారు సంగతి వచ్చేసరికి మాత్రం "అది మగవాళ్ళ వ్యవహారం లెద్దూ" అని ఊరుకుంటాం. నేనూ అలాగే ఊరుకున్నాను. అందుకే నా అనుభవం మీతో చెప్పాలనిపించింది.

మూడేళ్ళ క్రితం మావారు ఓ చిన్న కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఓ బ్యాంకు ఆఫీసరుగారిది. రంగు తళతళలాడుతోంది. ఆర్.సి. మా పేరుకి మార్పించుకున్నాం. పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఇంక దిగుల్లేదనుకున్నాం.

కొన్నాళ్ళకి స్టీరింగ్ అప్పుడప్పుడూ బరువుగా తిరుగుతోందని మావారు అనడం మొదలెట్టారు. కంపెనీ సర్వీసు సెంటరుకి వెళ్తే బిల్లు మోత మోగుతుందని వీధి చివర మెకానిక్‌కి రెండుసార్లు చూపించాం. "చవక కారండీ, ఈ ధరకి ఇంతే" అన్నాడతను. ఏదో సర్ది, డబ్బు తీసుకున్నాడు. మేమూ నమ్మాం.

ఓ ఆదివారం విజయవాడ నుంచి గుడివాడలో మా అత్తగారింటికి బయల్దేరాం. కాలవ గట్టు మీద మలుపు తిరుగుతుంటే స్టీరింగ్ ఒక్కసారిగా బిగుసుకుపోయింది. మావారు బలమంతా పెట్టి తిప్పి, బ్రేకు వేశారు. గట్టు అంచుకి బారెడు దూరంలో ఆగింది బండి! వెనక సీట్లో పిల్లలిద్దరూ, నా ఒళ్ళో ఆవకాయ జాడీ. జాడీ పగల్లేదు గానీ, నా చేతులు గంటసేపు వణుకుతూనే ఉన్నాయి.

మర్నాడు వేరే బండికి కట్టించి కంపెనీ సర్వీసు సెంటరుకి చేర్చాం. అక్కడి అబ్బాయి ఛాసిస్ నంబరు కంప్యూటర్లో కొట్టి చూసి, "అమ్మా, దీనికి ఏడాది క్రితమే రీకాల్ పడింది. మెసేజీ కూడా పంపారు. మీరు రాలేదేం?" అన్నాడు. మావారూ నేనూ మొహమొహాలు చూసుకున్నాం.

రీకాల్ అంటే ఏమిటంటే, అమ్మేసిన బండ్లలో ఏదైనా భాగం లోపంతో తయారైందని తేలితే, కంపెనీయే వాటిని వెనక్కి పిలిచి, ఉచితంగా బాగుచేసి ఇవ్వడం. మా పని రెండు గంటల్లో అయింది. పైసా తీసుకోలేదు. మరి ఆ మెసేజీ ఎవరికెళ్ళింది? ఆ ఆఫీసరుగారికి ఫోను చేశాను. "అయ్యో తల్లీ! సర్వీసింగ్ ప్రకటనేమో అనుకుని తీసేశాను" అన్నారు పాపం. ఆయన్నేమనగలం? ఆర్.సి. మార్పించుకున్న మాకు, కంపెనీ రికార్డులో మా ఫోను నంబరు రాయించాలని తోచలేదు!

ఇదేదో మా ఒక్కళ్ళ గొడవ కాదండీ. 2010 ఫిబ్రవరిలో మారుతి సుజుకి దాదాపు లక్ష ఏ-స్టార్ కార్లని వెనక్కి పిలిచింది. కారణం వింటే నవ్వొస్తుంది, పెట్రోలు పంపు దగ్గర గ్యాస్కెట్! 2016లో రెనో కంపెనీ సుమారు 50 వేల క్విడ్ కార్లని పెట్రోలు గొట్టం పట్టి ఉంచే క్లిప్పు కోసం పిలిచింది. 2020 జూలైలో వాగన్ ఆర్, బాలెనో కలిపి 1,34,885 కార్లని పెట్రోలు పంపు చూడ్డానికి పిలిచారు. చిన్న కార్లు లక్షల్లో అమ్ముడవుతాయి. ఒకే రకం భాగం వాటన్నిటిలోనూ ఉంటుంది. అక్కడ ఒక్క తప్పు జరిగితే లక్ష ఇళ్ళకి చేరుతుంది.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. లోపమున్న బండ్లని వెనక్కి పిలవమని ప్రభుత్వమే కంపెనీని ఆదేశించవచ్చు. దాని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చాయి. జరిమానా కోటి రూపాయల దాకా ఉంది. అయితే చట్టం ఎంత గట్టిదైనా, కబురు మనదాకా రాకపోతే ఏం లాభం, చెప్పండి?

అందుకని ఓ చిన్న పని చెయ్యండి. మీ ఆర్.సి.లో ఛాసిస్ నంబరు ఉంటుంది. సర్వీసు సెంటరుకి ఫోను చేసి, ఆ నంబరు చెప్పి, "మా బండికి రీకాల్ ఏమైనా మిగిలి ఉందా?" అని అడగండి. కంపెనీ వెబ్‌సైట్లో మీ పిల్లల చేత కొట్టించినా తెలుస్తుంది. పాత కారు కొనేటప్పుడైతే డబ్బు చేతిలో పెట్టక ముందే అడగండి. కొన్నాక మీ ఫోను నంబరు రాయించండి.

ఇప్పుడు ఆరునెలలకోసారి ఆ ఫోను నేనే చేస్తున్నాను. మావారు నవ్వుతారనుకోండి. నవ్వితే నవ్వనీ! వెనక సీట్లో కూర్చునేది మన పిల్లలే కదూ?