ఘాట్ దిగాక పెడల్ మెత్తబడితే...

మా బావమరిది దగ్గర ఏ సమస్యకైనా ఒకటే మందు: కొత్తది కొనెయ్. ఫోన్ స్లో అయితే కొత్త ఫోన్, వెన్ను నొప్పి వస్తే కొత్త పరుపు. పోయిన నెల నా పికప్ బ్రేకుల గురించి చెప్పానో లేదో, అయిదు నిమిషాల్లో వాట్సాప్‌లో మూడు లింకులు వచ్చి పడ్డాయి. "బావా, బిగ్ బ్రేక్ కిట్ వేయించెయ్. ముందు పెద్ద డిస్కులు, వెనక డ్రమ్ములు పీకేసి అక్కడా డిస్కులే. ఇంక టెన్షనే ఉండదు."

ఖర్చు చూస్తే నా రెండు నెలల జీతం. అయినా వెంటనే కాదనలేకపోయాను. ఆ బండిలో కూర్చునేది నేనొక్కణ్నే కాదుగా.

మా ఆవిడకి పాడేరు దగ్గర స్కూల్లో టీచర్ ఉద్యోగం. నాది విశాఖలో. శుక్రవారం సాయంత్రం తననీ పాపనీ కిందికి తీసుకొస్తాను, సోమవారం తెల్లవారుజామున మళ్లీ పైకి. వాళ్లుండే ఊరికి చివరి నాలుగు కిలోమీటర్లు మట్టిదారి, మధ్యలో ఒక గెడ్డ. వానాకాలంలో కారు వెళ్లదు. అందుకే సెకండ్ హ్యాండ్‌లో ఇసుజు వి-క్రాస్ ఫోర్ బై ఫోర్ తీసుకున్నాను. మన శ్రీసిటీలో తయారయ్యే బండే. పాత ఓనరుకి ఆఫ్‌రోడింగ్ పిచ్చి. లావు టైర్లు, ముందు ఇనప బుల్‌బార్, విన్చి అన్నీ బిగించి మరీ అమ్మాడు.

ఆ శుక్రవారం అమ్మవారి పాదాలు దాటి ఘాట్ దిగుతున్నాం. మూడో గేరే, స్పీడు కూడా లేదు. మాడుగుల దగ్గర పడుతుండగా ఒక మలుపులో బ్రేకు నొక్కితే పెడల్ మామూలు కంటే బాగా కిందికి దిగింది. బండి ఆగింది, కాదనను. కానీ కాలికి తెలిసిపోతుంది కదా. వెనక పాప నిద్రపోతోంది. పక్కకి తీసి అరగంట ఆపాను. చల్లారాక పెడల్ మళ్లీ మామూలుగానే ఉంది.

మర్నాడు చోడవరంలో లారీలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. బానెట్ కూడా ఎత్తలేదు. "ఏటి బాబూ, పెడల్ మెత్తగా దిగిందా, గట్టిగానే ఉండి పట్టలేదా?" అనడిగాడు.

ఆ ఒక్క ప్రశ్నలోనే సగం జవాబుంది. పెడల్ గట్టిగా ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లు వేడెక్కి పట్టు వదిలాయని. మెత్తగా స్పాంజిలా దిగితే లోపల బ్రేక్ ఆయిల్ మరిగి బుడగలు కట్టిందని. ద్రవం నొక్కుకుపోదు, బుడగ నొక్కుకుపోతుంది. మన కాలి బలమంతా ఆ బుడగకే ఖర్చవుతుంది. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకి పడిపోవచ్చు. పెద్దాయన పెన్నులాంటి టెస్టర్ ముంచితే ఎర్ర లైటు వెలిగింది. పాత ఓనరు ఇచ్చిన సర్వీస్ బుక్ తిరగేస్తే నాలుగేళ్లలో ఆయిల్ మార్చిన ఎంట్రీ ఒక్కటీ లేదు. ముందు ప్యాడ్లూ అరిగి పల్చబడ్డాయి.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. మనుషులతో కలిపి బండి 2.2 టన్నులు అనుకుందాం. 800 మీటర్ల ఎత్తు నుంచి దిగితే, గంటకి 100 కిలోమీటర్ల వేగం నుంచి దాదాపు 20 సార్లు ఆపినంత శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చవ్వాలి. ఇంజిన్ కొంత తీసుకుంటుంది, గాలి కొంత. మిగతాదంతా డిస్కులకి వేడే. ఎక్కిన గేరులోనే దిగాలని పాత లారీ డ్రైవర్లు చెప్పే మాట ఇందుకే. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లకి మిగిలేదీ ఏమీ లేదు. ఇప్పటి ఇంజిన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే డీజిల్ సప్లై ఆపేస్తాయి.

టైర్ల సంగతి కూడా చూశాను. కంపెనీ సైజు 255/60 ఆర్18, ఎత్తు సుమారు 763 మిల్లీమీటర్లు. నా బండికి ఉన్నవి 265/70 ఆర్17, అంటే 803. తేడా 5 శాతం. పెడల్ అంతే నొక్కినా రోడ్డు మీద పట్టు ఆ మేరకు తగ్గుతుంది. స్పీడోమీటర్ 60 చూపిస్తే బండి నిజానికి 63లో ఉంటుంది. కంపెనీ బ్రేకుల్లో తప్పేం లేదు. వాటి నెత్తిన పెట్టిన బరువే ఎక్కువ.

మరి కిట్ వేస్తే? ఖాళీగా ఉన్న పొడి రోడ్డు మీద 60లో గట్టిగా బ్రేకు కొట్టి చూశాను. ఏబీఎస్ టకటకా కొట్టుకుంది. అంటే చక్రాన్ని పట్టేసే బలం బ్రేకులకి ఇప్పటికే ఉంది, జారేది టైరు. ఎంత పెద్ద డిస్కు వేసినా ఆ ఒక్క స్టాప్‌లో దూరం పెద్దగా తగ్గదు. పెద్ద డిస్కు పనికొచ్చేది వేడిని ఓర్చుకోడానికి. పైగా కొన్ని కిట్లు 17 అంగుళాల రిమ్ములో పట్టవు. వెనక డ్రమ్ములు మార్చడమంటే నాకు అసలు భయం. ముందు వెనకల మధ్య బలం ఎలా పంచాలో కంపెనీ లెక్క కట్టి పెట్టింది. వెనక బలం ఎక్కువైతే తడి మలుపులో తోక తిరుగుతుంది. బురదలోంచి వచ్చాక డ్రమ్ములు విప్పి కడిగించుకోవడం విసుగే, కానీ ఆ విసుగు నేను పడతాను.

చివరికి కొత్త డాట్ 4 ఆయిల్, ముందు కంపెనీ ప్యాడ్లు, వెనక డ్రమ్ముల క్లీనింగ్. బుల్‌బార్, విన్చి రెండూ విప్పించేశాను. బుల్‌బార్ల మీద చర్యలు తీసుకోమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది కూడా. అన్నీ కలిపి కిట్ ఖర్చులో పదో వంతు కాలేదు. టైర్లు అరిగాక కంపెనీ సైజుకే వెళ్తాను. రేపు పైన టెంటూ వెనక ట్రైలరూ కట్టి, అన్నీ సరిగ్గా ఉండి కూడా ప్యాడ్లు పట్టు వదిలితే, అప్పుడు బావమరిది పంపిన లింకులు తెరుస్తాను.

మార్చాక నాలుగు శుక్రవారాలు దిగాను. ప్రతిసారీ కింద ఆగి పెడల్ నొక్కి చూస్తున్నాను, గట్టిగానే ఉంది. బావమరిది మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. ఈ వారం వాణ్నే పక్కన కూర్చోబెట్టుకుని దిగుతున్నాను. పెడల్ మెత్తబడకపోతే మాడుగులలో హల్వా డబ్బులు వాడివి.