ఉద్యోగం పోయిందని చెప్పడం

మా పాత ఆఫీసులో కాఫీ మెషీన్ పక్కన ఒక పోస్టరు ఉండేది. మీరు మీలాగే ఆఫీసుకు రండి, దేన్నీ దాచుకోవద్దు అని దాని సారాంశం. ఆ పోస్టరు అంటించిన హెచ్ఆర్ వాళ్ళే ఒక మంగళవారం పొద్దున వీడియో కాల్ పెట్టి మా టెస్టింగ్ టీమునంతా ఇంటికి పంపేశారు. కాల్ ముగిసేసరికి లాప్‌టాప్ లాకైపోయింది. కోపం రాలేదని కాదు గానీ, నేను రాయాలనుకున్నది ఆ కంపెనీ గురించి కాదు, మన గురించి.

ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో... ఈ డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళెవరికీ ఉద్యోగం పోదు. ‘బ్రేక్ తీసుకుంటున్నా’ అంటారు, ‘ప్రాజెక్టు మారుతున్నా’ అంటారు. పని వెతుక్కుంటున్నామని చెప్పే ఆకుపచ్చ వలయాన్ని లింక్డ్ఇన్ ఫొటో చుట్టూ పెట్టుకోవడానికి మాత్రం చెయ్యి రాదు. అత్తారింటివాళ్ళు చూస్తారేమో, ఊళ్ళో తెలుస్తుందేమో! నాకు తెలిసిన ఒకాయన రోజూ బ్యాగు భుజానికి తగిలించుకుని వెళ్ళి పబ్లిక్ లైబ్రరీలో కూర్చునేవాడు, పక్కింటి తెలుగువాళ్ళ కోసం. ఎదురింటి అమెరికన్‌కి ఆయన ఎక్కడికెళ్తున్నాడో పట్టనే పట్టదు.

హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకు ఈ దాపరికం మరీ ఖరీదు. ఉద్యోగం ఆగిన రోజు నుంచి ఈ దేశంలో ఉండటానికి గరిష్ఠంగా 60 రోజులు, ఎన్నాళ్ళు ఉండొచ్చో చెప్పే ఐ-94 గడువు ముందే అయిపోతే అంతవరకే. సెవరెన్స్ డబ్బు వస్తూ ఉన్నంత మాత్రాన ఆ లెక్క పెరగదు. ఈలోగా ఇంకో కంపెనీ మన పేర పిటిషన్ వెయ్యాలి, లేదా మనమే విజిటర్ స్టేటస్‌కో మరోదానికో దరఖాస్తు పెట్టుకోవాలి, రెండూ కాకపోతే సామాన్లు సర్దుకోవాలి. 2017లో వచ్చిన వెసులుబాటిది, అంతకుముందు ఇదీ లేదు. మా ఇంట్లో వీసా నాది. మా ఆయన, బాబు హెచ్4 మీద నా వెనకే. గ్రీన్‌కార్డు అంటారా, ఒక్కో దేశానికి 7 శాతమన్న పరిమితి పుణ్యమా అని మనవాళ్ళ క్యూ దశాబ్దం దాటింది. ఇంత ఇరుకు గడువులో మొదటి వారాలు ‘ఎవరికీ తెలియనివ్వకు’ అన్న పనికే ఖర్చయిపోతాయి.

ఆ శనివారం ఒకరింట్లో పాట్‌లక్. గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట, కిచెన్ ఐలాండ్ మీద వరసగా అల్యూమినియం ట్రేలు, మేడ మీద మీడియా రూములో పిల్లల గోల. నేను తెచ్చిన పులిహోర మీద ఫాయిల్ తీస్తుంటే ఒకావిడ మామూలుగా, “ఆఫీసెలా ఉందండీ?” అంది.

“ఉద్యోగం పోయిందండీ, మొన్న మంగళవారం.”

వడ్డించుకుంటున్నవాళ్ళు ఆగిపోయారు. అయ్యోలు అయ్యాక, “బయటికి చెప్పకండి, దిష్టి తగులుతుంది” అని ఒకరి సలహా. పోయిన ఉద్యోగానికి దిష్టేమిటో! కానీ నన్నడిగిన ఆవిడ అక్కడే భర్తను పిలిచి, “మీ టీములో టెస్టింగ్‌కి మనుషుల్ని తీసుకుంటున్నారు కదా” అంది. మేం బయల్దేరుతుంటే ఇంకొకాయన మా కారు దాకా వచ్చాడు. తన ఉద్యోగం కూడా పోయిందనీ, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఇంట్లోనే ఉన్నారనీ, వాళ్ళకింకా చెప్పలేదనీ గొంతు తగ్గించి చెప్పాడు. అంతసేపూ లోపల క్రికెట్ గురించి గట్టిగా వాదించింది ఆయనే.

అందరూ అలా దగ్గరకు రాలేదు. కొందరు ఫోన్లు తగ్గించారు, అప్పు అడుగుతాననేమో. పోనీ.

అమ్మకు చెప్పడానికే ఎక్కువ తటపటాయించాను. చెప్పాక ఖమ్మం నుంచి ఆవిడ అన్నది ఇదీ: “మిర్చి రేటు పడిపోయిన ఏడు మీ నాన్న ఎవరి దగ్గర దాచాడు బిడ్డా? యార్డులో అందరితోపాటు తలపట్టుకుని కూర్చున్నాడు. నువ్వెందుకు దాస్తావు?” 2017లో ఖమ్మం మార్కెట్ యార్డులో మిర్చి రైతులు తిరగబడ్డ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. రైతు నష్టం పదిమంది కళ్ళ ముందే జరుగుతుంది. మా జీతగాళ్ళ నష్టం తలుపులేసుకున్న గదిలో జరుగుతుంది, అందుకే దాచుకునే వీలు.

వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు తెల్లారుజామున అయిదింటికి లేవమంటాయి. అది నాకెప్పుడూ కష్టం కాలేదు. సిగ్గుపడాల్సిన పనిలేని సంగతిని సిగ్గుపడకుండా చెప్పడం మాత్రం నలభై దాటాక నేర్చుకున్నాను.

ఆ పాట్‌లక్ ఆవిడ భర్త ఇచ్చిన రిఫరల్‌తోనే ఇంటర్వ్యూలు నడిచాయి. గడువులోపే పిటిషన్ పడింది. అప్పటికే హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకు పిటిషన్ దాఖలైతే చాలు, ఆమోదం కోసం ఆగక్కర్లేకుండా పనిలో చేరొచ్చు. చేరాను.

మీలో ఎవరికైనా అలాంటి కాల్ వస్తే, ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి, ఆ సాయంత్రమే మనవాళ్ళకు చెప్పండి. ఇంకొకరు మీతో చెప్పినప్పుడు మాత్రం ‘అయ్యో’ దగ్గర ఆగకుండా, “రెజ్యూమె పంపండి” అనండి.