అతిశయోక్తికి జరిమానా

2025లో కాలిఫోర్నియాలో మా అబ్బాయి ఇంట ఉన్నప్పుడు, వడ్రంగం తెలిసిన తెలుగు యువకుడొకడు “మాస్టారూ, నా పనికి ప్రకటన వ్రాసిపెట్టండి” అన్నాడు. ‘గృహనిర్మాణంలో సిద్ధహస్తుడు’ అంటూ విశేషణాలు పేర్చి ఇచ్చాను.

మా అబ్బాయి చదివి ఉలిక్కిపడ్డాడు. కాంట్రాక్టరు లైసెన్సు లేనివాడు అట్టి ప్రకటన ఇవ్వడమే అక్కడ నేరమట. సుత్తి పట్టకపోయినా 700 నుండి 1,000 డాలర్ల జరిమానా! కూలి, సామగ్రి కలిపి వెయ్యి డాలర్లకు లోబడిన చిన్న పనులకు, పర్మిట్ అవసరం లేకుండా, సహాయకులను పెట్టుకోకుండా చేస్తే మినహాయింపు ఉంది. కాని లైసెన్సు లేదన్న మాట ప్రకటనలోనే చెప్పాలి.

విశేషణాలన్నీ కొట్టివేసి, ‘చిన్న మరమ్మతులు చేస్తాను. నాకు లైసెన్సు లేదు’ అని వ్రాశాను.

ఏళ్ల తరబడి అలంకారాలు బోధించిన నాకు, అతిశయోక్తికీ వెల ఉంటుందని అరవై దాటాక తెలిసింది. ఆ వెల చెల్లించవలసి వచ్చేది మాత్రం నేను కాదు, నన్ను నమ్మిన ఆ పిల్లవాడు.